పొత్తు లేని స్వావలంబన ఎక్కడుంది?

శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచినా, హైదరాబాద్‌లో కొత్త టీకా తయారైనా, సభల్లోనూ టీవీ చర్చల్లోనూ వాట్సాప్ సందేశాల్లోనూ ఒకే మాట మోగుతుంది: ఎవరి సాయమూ లేకుండా సాధించాం. ఆ మాట వెంటే ఒక వాదన కూడా వస్తుంది. విదేశాలతో శాస్త్ర సంబంధాలు పెట్టుకుంటే చివరికి మిగిలేది పరాధీనతేనట. మన రహస్యాలు వాళ్లకు చేరతాయి, వాళ్ల పాత సరుకు మనకు అంటగడతారు, తలుపులు వేసుకుని సొంతంగా పనిచేసిన చోటే దేశం గెలిచింది అంటారు. ఈ మాట అనేవాళ్లలో చాలామందికి దేశం మీద నిజమైన ప్రేమ ఉంది. వాళ్ల కోపానికి కారణాలూ ఉన్నాయి. అయినా ఆ వాదన తప్పు. మన విజ్ఞాన చరిత్రలో ఏ పెద్ద విజయాన్ని విప్పి చూసినా అది నిలబడదు. దాన్ని ప్రభుత్వ విధానంగా మారిస్తే రేపటి విజయాలకే గండి పడుతుంది.

రాకెట్లతోనే మొదలుపెడదాం. 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరిన మొదటి సౌండింగ్ రాకెట్టు నైకీ–అపాచీ అమెరికాది. అందులోని సోడియం ఆవిరి పరికరం ఫ్రాన్స్ నుంచి వచ్చింది. సోవియట్ యూనియన్ కంప్యూటరు, హెలికాప్టరు ఇచ్చింది. ప్రయోగం నడిపిన మన యువ ఇంజినీర్లు నాసా కేంద్రాల్లో శిక్షణ పొంది వచ్చినవాళ్లు. విక్రమ్ సారాభాయ్ దీన్ని చిన్నతనంగా భావించలేదు, దాచిపెట్టలేదు. 1968 ఫిబ్రవరిలో ప్రధాని ఇందిరా గాంధీ తుంబా కేంద్రాన్ని ఐక్యరాజ్యసమితికి అంకితం చేశారు. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదాని మీద ఒకటి క్షిపణులు ఎక్కుపెట్టి కూర్చున్న కాలంలో, ఆ రెండు దేశాల పరికరాలూ ఒకే మత్స్యకార గ్రామంలో మన శాస్త్రజ్ఞుల చేతుల్లో పనిచేశాయి.

పన్నెండేళ్ల తర్వాత కూడా దారి అదే. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట సోవియట్ రాకెట్టు మీద కక్ష్యకు చేరింది. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి సంవత్సరం పాటు నాసా వారి ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. ఉపగ్రహం వాళ్లది. పల్లెల్లో నేరుగా సంకేతాలు అందుకున్న సెట్లు హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. ఏం చూపించాలో, ఏ భాషలో చూపించాలో నిర్ణయించింది మనవాళ్లు. తర్వాత వచ్చిన ఇన్సాట్‌కు కావలసిన అనుభవం ఆ ఏడాదిలోనే పోగుపడింది.

ఇంతవరకూ ప్రారంభ దినాల సంగతి కదా, కాళ్లు వచ్చాక కర్ర అవసరమా అని అడుగుతారు. అలా అడిగేవాళ్లు వికాస్ ఇంజిను కథ తెలుసుకోవాలి.

ద్రవ ఇంధన ఇంజిను మనకు లేని రోజుల్లో, 1974లో, ఇస్రో ఫ్రాన్స్‌కు చెందిన ఎస్ఈపీ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. అప్పటికి ఫ్రాన్స్ తన అరియాన్ రాకెట్టు కోసం వైకింగ్ ఇంజినును తయారుచేసుకుంటోంది. వాళ్లకు చేతులు కావాలి, మనకు విద్య కావాలి. ఒప్పందంలో ప్రతిఫలం మూటగట్టిన డబ్బు రూపంలో లేదు, పని రూపంలో ఉంది. మన ఇంజినీర్లు నంబి నారాయణన్ వంటివారి ఆధ్వర్యంలో వెర్నాన్ పట్టణానికి వెళ్లి ఏళ్ల తరబడి ఫ్రెంచి బృందాలతో కలిసి పనిచేశారు. ఇస్రో తయారుచేసిన పీడన ట్రాన్స్‌డ్యూసర్లు వేల సంఖ్యలో ఫ్రాన్స్‌కు వెళ్లాయి. బదులుగా ఆ ఇంజిను విద్య మొత్తం మనకు వచ్చింది. డ్రాయింగులు తెచ్చుకున్నంత మాత్రాన ఇంజిను తయారుకాదు. ఏ లోహాన్ని ఎలా అతకాలి, పరీక్షలో ఏ శబ్దం వస్తే ప్రమాదం, ఏ లోపాన్ని ఎలా పసిగట్టాలి అన్నవి పక్కన నిలబడి చేస్తేనే వంటబడతాయి. 1985లో భారతదేశంలో తయారైన ఇంజినును అదే వెర్నాన్‌లో మండించి పరీక్షించారు. అది నిలబడింది.

ఆ ఇంజినే వికాస్. పీఎస్ఎల్వీ రెండో దశలో ఉన్నది అదే. 2013 నవంబర్ 5న మంగళ్‌యాన్‌ను మోసుకెళ్లిన రాకెట్టులో ఉన్నదీ అదే. 2023 జూలై 14న చంద్రయాన్–3ను తీసుకెళ్లిన ఎల్వీఎం–3 మధ్య దశలో మండినవి రెండు వికాస్ ఇంజిన్లు. వికాస్‌ను పరాయిది అనగలిగే ధైర్యం ఎవరికైనా ఉందా? అది నూటికి నూరు పాళ్లూ మనదే. ఫ్రెంచి ఇంజినీర్లతో భుజం కలిపి పనిచేయడం వల్లే మనది అయింది.

ఇక్కడ ఎదుటివాళ్లకు ఒక గట్టి ఆయుధం ఉంది. క్రయోజనిక్ ఇంజిను. 1991లో ఇస్రో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఇంజిన్లకూ సాంకేతికతకూ కలిపి ఒప్పందం చేసుకుంది. క్షిపణి సాంకేతికత వ్యాప్తి పేరు చెప్పి 1992 మేలో అమెరికా రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. ఒత్తిడికి తలొగ్గిన రష్యా 1993లో సాంకేతికత ఇవ్వలేనని చెప్పి, తయారైన దశలు మాత్రం ఏడు ఇచ్చింది. ఇది అన్యాయం. ఉపగ్రహ రాకెట్టుకు వాడే అతిశీతల ఇంధనాన్ని క్షిపణిలో నింపి సిద్ధంగా ఉంచడం ఎంత అసాధ్యమో ఆంక్షలు పెట్టినవాళ్లకూ తెలుసు. ఆ గాయం మరచిపోమని ఎవరూ చెప్పకూడదు.

అయితే ఆ గాయం నేర్పిన పాఠం ఏమిటి? సొంత క్రయోజనిక్ దశ మొదటిసారి ఎగిరింది 2010 ఏప్రిల్‌లో, అది విఫలమైంది. 2014 జనవరి 5న జీఎస్ఎల్వీ–డీ5తో విజయం దక్కింది. రష్యా చేయి వెనక్కి తీసుకున్న నాటి నుంచి లెక్కిస్తే ఇరవై ఏళ్లు. వికాస్‌కు ఒప్పందం నుంచి పరీక్ష దాకా పట్టింది పదకొండేళ్లు. క్రయోజనిక్ విద్య మరింత కష్టమైనది కాబట్టి రెండింటినీ తూకం వేసి సమానం అనలేం. కానీ తలుపు మూసుకుపోతే ఎంత కాలం కరిగిపోతుందో ఆ తేడా చెబుతుంది. పైగా ఆ తలుపు మూసింది వాళ్లు. మనంతట మనమే మూసుకోవాలని చెప్పేవాళ్లు ఆ అన్యాయాన్నే ఆదర్శంగా చూపిస్తున్నట్టు. ఇస్రో అలా చేయలేదు. రష్యా ఇచ్చిన దశలను 2001 నుంచి ఎగరేసి అనుభవం గడించింది, ఆ అనుభవం పక్కనే సొంత ఇంజిను పెరిగింది. 2008లో చంద్రయాన్–1 మీద పదకొండు పరికరాలు వెళితే ఆరు విదేశాలవి. చంద్రుడి మట్టిలో నీటి జాడను ప్రపంచానికి చెప్పిన మూన్ మినరాలజీ మ్యాపర్ నాసాది. ఆంక్షలు పెట్టిన దేశపు పరికరాన్ని మన నౌక మీద ఎక్కించుకోవడం సారాభాయ్ వేసిన బాటకు కొనసాగింపు. 2017 ఫిబ్రవరి 15న పీఎస్ఎల్వీ ఒక్క ప్రయోగంలో 104 ఉపగ్రహాలను వదిలితే వాటిలో 96 అమెరికావి.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి నైసార్ ఉపగ్రహం వెళ్లింది. దాని మీద ఉన్న రెండు రాడార్లలో ఒకటి నాసాది, ఒకటి ఇస్రోది. దాన్ని మోసిన జీఎస్ఎల్వీ పై దశలో ఉన్నది మన సొంత క్రయోజనిక్ ఇంజిను. 1992లో ఏ విద్య మనకు దక్కకూడదని అమెరికా పట్టుబట్టిందో, ఆ విద్యతో కట్టిన ఇంజిను మీదే అమెరికా తన రాడార్‌ను ఎక్కించి పంపింది. అవమానానికి ఇంతకంటే గౌరవమైన జవాబు లేదు. సంబంధాలు తెంచుకుని ఉంటే ఈ జవాబు చెప్పే అవకాశమే వచ్చేది కాదు.

రాకెట్లు దూరపు సంగతి అనుకునేవాళ్లు తమ కంచంలోకి చూసుకోవచ్చు.

తెలుగువాడికి సన్నబియ్యం అంటే ముందు గుర్తొచ్చేది సాంబ మసూరి. బాపట్లలో పుట్టింది కాబట్టి బీపీటీ 5204. 1986లో విడుదలైన ఈ రకం కంటే మనది అని చెప్పుకోదగ్గ పంట ఇంకొకటి ఉండదు. దాని వంశం చూడండి. ఒక పక్క మద్రాసు రాష్ట్రపు పాత రకం జీఈబీ 24, దానితో కలిపింది తైవాన్‌కు చెందిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్–1. ఆ సంకరాన్ని మళ్లీ కలిపింది మసూరితో. మసూరి ఎక్కడిది? 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కటక్‌లోని వరి పరిశోధన కేంద్రంలో ఇండికా, జపానికా వరులను కలిపే పథకం ఒకటి నడిపింది. తైవాన్ రకం తైచుంగ్ 65నూ, మలయా రకం మయాంగ్ ఎబోస్‌నూ కలిపిన గింజలు మలయాకు వెళ్లి, అక్కడ ఏళ్లపాటు ఎంపికలు జరిగి, 1965లో మసూరిగా విడుదలయ్యాయి. అక్కడి నుంచి తిరిగి మన పొలాలకు వచ్చాయి. మార్టేరులో పుట్టి తూర్పు భారతమంతా పాకిన స్వర్ణ రకానికి కూడా మూలాల్లో ఒకటి మసూరే.

కథ అక్కడితో ఆగలేదు. సాంబ మసూరికి బాక్టీరియా ఆకు ఎండు తెగులు పెద్ద శత్రువు. దాన్ని తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలనాలయం కలిసి రూపొందించాయి. అందులో ప్రవేశపెట్టిన మూడు నిరోధక జన్యువుల్లో ఒకటైన ఎక్స్ఏ21 పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. మాలిలో మొలిచిన గడ్డిని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ భద్రపరచి అధ్యయనం చేయకపోతే, ఆ జన్యువు హైదరాబాద్ శాస్త్రజ్ఞుల చేతికి చేరేది కాదు.

అంతకు ముందే, 1966లో ఆ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐఆర్8 వరి విత్తనాన్ని పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో తన పొలంలో పండించి చూపించారు. చుట్టుపక్కల రైతులు చూసి నమ్మారు, విత్తనం పట్టుకెళ్లారు. ఆయనకు మిస్టర్ ఐఆర్8 అన్న పేరే స్థిరపడింది. అప్పట్లో ఓడల్లో దిగే అమెరికా గోధుమల మీద బతికిన దేశం తిండిగింజల్లో తన కాళ్ల మీద తాను నిలబడింది. ఆ నిలబడటం మనీలా దగ్గరి పరిశోధన పొలానికీ ఆచంట మడికీ మధ్య ఏర్పడ్డ సంబంధం వల్ల సాధ్యమైంది. స్వావలంబనకూ అంతర్జాతీయ పొత్తుకూ వైరం ఉందనేవాళ్లు ఈ ఉదాహరణకు సమాధానం చెప్పాలి.

టీకాల విషయంలో వాళ్ల వాదన ఇంకా బలహీనం. వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టినప్పుడు హెపటైటిస్ బి టీకా దిగుమతి సరుకు, సామాన్యుడికి అందని ధర. విదేశీ కంపెనీల నుంచి సాంకేతికత కొనుక్కోవడం కుదరలేదు. మొదటి పని ఉస్మానియాలోనూ సీసీఎంబీలోనూ దొరికిన చోటులో సాగింది. ఇక్కడి పెట్టుబడి వెనకాడినప్పుడు ఆదుకున్నది ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ డబ్బు. 1997లో శాన్‌వాక్–బి బయటికొచ్చింది, టీకా ధర నేలకు దిగింది. దీన్ని స్వదేశీ విజయం అనడం న్యాయమే. కానీ ఆ కథలోంచి ఒమన్‌ను తీసేస్తే కథే ఉండదు.

చివరికి ఆ కంపెనీని 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ కొనేసిందిగా అంటారు. నిజమే. అది బాధించే సంగతే. కానీ ఆ తప్పు విదేశీ సంబంధాలది కాదు, సొంత ఆవిష్కరణకు దీర్ఘకాలపు పెట్టుబడి పెట్టని మన ధనవంతులది. టీకా తయారీ విద్య మాత్రం ఎక్కడికీ పోలేదు. హైదరాబాద్‌లో ఇతర కంపెనీలు అప్పటికే ఆ దారిలో నడుస్తున్నాయి.

అదే శాంతా నుంచి వచ్చిన కలరా టీకా శాన్‌కాల్ ప్రయాణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. మూల విద్య స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రజ్ఞులది. దాన్ని వాళ్లు వియత్నాంకు అందించారు. వియత్నాం తక్కువ ఖర్చుతో తన ప్రజలకు టీకా తయారుచేసుకుంది. సియోల్‌లోని అంతర్జాతీయ వ్యాక్సిన్ సంస్థ దాన్ని మెరుగుపరచి హైదరాబాద్‌కు తెచ్చింది. కోల్‌కతా బస్తీల్లో 60 వేలకు పైగా జనం మీద పరీక్షలు జరిగాయి. 2009లో మన దేశంలో అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు, 2012లో కలరాతో అల్లాడుతున్న హైతీలో పిల్లల నోట్లో చుక్కలు. వియత్నాం పెద్ద దేశం కాదు, ధనిక దేశం అసలే కాదు. పొత్తు అంటే తెల్లవాళ్ల ముందు చేయి చాచడం అనుకునేవాళ్లు ఈ వరసలో వియత్నాం ఉన్న చోటు గమనించాలి.

రొటావైరస్ టీకా రొటావాక్ మరో మాట చెబుతుంది. 1980ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె. భాన్ బృందం ఒక విచిత్రం గమనించింది. కొందరు నవజాత శిశువులకు రొటావైరస్ సోకినా విరేచనాలు పట్టుకోలేదు. ఆ శిశువుల నుంచి తీసిన 116ఈ అనే వైరస్ రకమే తర్వాత టీకాకు మూలం అయింది. 1987లో మొదలైన భారత–అమెరికా వ్యాక్సిన్ కార్యక్రమం కింద అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రాలు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, పాత్ సంస్థ చేతులు కలిపాయి. హైదరాబాద్ భారత్ బయోటెక్ డోసు ఒక్క డాలరుకే ఇస్తానని మాటిచ్చి తయారీకి దిగింది. ఢిల్లీ, పుణె, వెల్లూరులో 6,799 మంది పసిపిల్లలతో జరిగిన పరీక్షలో తీవ్రమైన రొటావైరస్ జబ్బు నుంచి సుమారు 55 శాతం రక్షణ కనిపించింది. 2016 మార్చిలో ప్రభుత్వ టీకాల పథకంలో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆసుపత్రి వార్డులో గమనించిన కన్ను మనది, ప్రశ్న మనది, ఫ్యాక్టరీ మనది. నడుమ ముప్పై ఏళ్ల దారిని నాలుగైదు సంస్థల వాళ్లు కలిసి నడిచారు. ఏ మంత్రి పర్యటనతోనో, ఒక్క సంతకంతోనో వచ్చింది కాదు.

కొవిడ్ టీకా కొవాగ్జిన్ గురించి కూడా దాపరికం అనవసరం. వైరస్‌ను వేరుచేసింది పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ. టీకా చేసింది హైదరాబాద్. అందులో రోగనిరోధక స్పందనను పెంచే అణువు అమెరికాలోని కాన్సాస్‌లో ఉన్న వైరోవాక్స్ అనే చిన్న కంపెనీ కనిపెట్టినది, అమెరికా ప్రభుత్వ పరిశోధన నిధులతో. బయోలాజికల్ ఇ చేసిన కార్బెవాక్స్ మూల విద్యను టెక్సస్‌లోని బేలర్ వైద్య కళాశాల శాస్త్రజ్ఞులు పేటెంటు లేకుండానే పంచారు. 2022 మార్చిలో మన 12 నుంచి 14 ఏళ్ల పిల్లల చేతికి పడిన సూది అదే.

విదేశీయులందరూ బేలర్ శాస్త్రజ్ఞుల్లా ఉండరన్నది నిజం. 1995లో పసుపుతో గాయాలు మాన్పడం మీద అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన అమ్మమ్మలకు తెలిసిన విషయం మీద ఇంకొకరికి హక్కు! కోపం రావలసిందే. కానీ 1997లో ఆ పేటెంటు ఎలా రద్దయింది? సీఎస్ఐఆర్ శాస్త్రజ్ఞులు పాత గ్రంథాలూ, పత్రికల్లో అచ్చయిన వ్యాసాలూ తవ్వి తీసి, ఆ దేశపు పేటెంటు కార్యాలయంలోనే వాదించి గెలిచారు. ప్రపంచ నియమాలు తెలిసి, ఆ సభలో కూర్చుని మాట్లాడగలవాళ్లు ఉండబట్టే మన ఆస్తి మనకు దక్కింది. ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే ఆ పేటెంటు రద్దయ్యేదే కాదు.

పొత్తుల పేరుతో జరిగేవన్నీ మంచివి అని ఇక్కడ ఎవరూ అనడం లేదు. విదేశీ పర్యటనలో సంతకాలు పెట్టి, ఫొటో దిగి, తిరిగొచ్చాక ఫైలు కట్టేసే ఒప్పందాలు ఎన్నో. వాటి వల్ల దేశానికి ఒరిగింది లేదు. వికాస్, సాంబ మసూరి, రొటావాక్‌లను కలిపే గుణం వేరు. వీటన్నిటిలో మనవైపు ముందే ఒక ప్రయోగశాల ఉంది, తెలిసిన మనుషులు ఉన్నారు, మన సొంత ప్రశ్న ఉంది. వెర్నాన్ వెళ్లిన ఇంజినీర్లు తిరిగొచ్చి పనిచేయడానికి వలియమలలో, మహేంద్రగిరిలో చోటు దొరికింది. భాన్ బృందానికి ఎయిమ్స్ వార్డు ఉంది. ఇంట్లో బలం ఉన్నవాడే బయట సమానంగా కూర్చుంటాడు. పరాధీనత భయం నిజంగా ఉన్నవాళ్లు అడగాల్సింది ఈ బలం గురించి. దేశ స్థూలోత్పత్తిలో పరిశోధనకు మనం ఖర్చు పెడుతున్నది 0.64 శాతం దగ్గరే ఆగిపోయింది. విదేశీ ఒప్పందాల మీద విరుచుకుపడే గొంతులు ఈ అంకె మీద ఎందుకు లేవవు?

బదులుగా ఆ భయం అధికారుల చేతిలో ఎలాంటి రూపం తీసుకుంటుందో 2021 జనవరిలో చూశాం. ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలు, విశ్వవిద్యాలయాలు కొన్ని విషయాల మీద ఆన్‌లైన్‌లో అంతర్జాతీయ సదస్సు పెట్టుకోవాలన్నా ముందు అనుమతి తీసుకోవాలని కేంద్రం ఆదేశించింది. కొవిడ్ కాలంలో ప్రపంచ శాస్త్రజ్ఞులంతా తెరల మీదే కలుసుకుంటున్న రోజులవి. దేశంలోని సైన్స్ అకాడమీలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. తర్వాత ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. తీసుకున్నా, ఆ ఆలోచన పోలేదు. ఒక పరిశోధక విద్యార్థి విదేశీ ప్రయోగశాలలో ఆరు నెలలు పని నేర్చుకోవడానికి ఎన్ని సంతకాలు కావాలి, మన ప్రయోగశాలకు రావాలనుకునే విదేశీ పరిశోధకుడికి వీసా ఎన్నాళ్లకు దొరుకుతుంది, ఒక రసాయనం కస్టమ్స్‌లో ఎన్నాళ్లు ఆగుతుంది అని ఏ విశ్వవిద్యాలయంలో అడిగినా జవాబు దొరుకుతుంది.

కేంద్రం గానీ, అమరావతి, హైదరాబాద్ ప్రభుత్వాలు గానీ స్వావలంబన కోరుకుంటే చేయాల్సిన పనులు చాలా మామూలువి. పరిశోధనకు నిధులు పెంచాలి. యువ శాస్త్రజ్ఞులను ఏళ్లకు ఏళ్లు బయటి ప్రయోగశాలలకు పంపి, తిరిగొచ్చేవాళ్లకు సొంత ప్రయోగశాల, సొంత బడ్జెట్టు ఇవ్వాలి. మన ప్రశ్నలతో బయటివాళ్లను ఇక్కడికి పిలవాలి, వాళ్లు సులువుగా రాగలిగేలా చేయాలి. ఒప్పందాలను సంతకాల లెక్కన కాకుండా, పదేళ్ల తర్వాత ఇక్కడ ఏం తయారైంది అన్న లెక్కన బేరీజు వేయాలి. అనుమతుల అధికారం సచివాలయాల నుంచి తీసి సంస్థల అధిపతుల చేతిలో పెట్టాలి. వికాస్‌ను తయారుచేసిన తరం ఇవన్నీ 1974లోనే చేసి చూపించింది.